పిచ్చమ్మ మడమ కింద నడుము

పిచ్చమ్మ తల్లి కడుపులో నుంచి కాళ్ళు ముందు పెట్టి బయటికొచ్చిన మనిషి. అట్లా ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు మడమతో తొక్కితే నడుం పట్టు వదిలిపోతుందని ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ గట్టి నమ్మకం. కోట మండలంలో సముద్రం వైపుకు ఉన్న ఆ పల్లెలో వరినాట్లు వేసే ఆడవాళ్ళు కానీ, రొయ్యల గుంటల దగ్గర మేత బస్తాలు మోసే మగవాళ్ళు కానీ, ఎవరికి నడుం పట్టినా తెల్లారేసరికి వచ్చి పిచ్చమ్మ పంచలో చాప పరుచుకుని బోర్లా పడుకునేవాళ్ళు. ఆమె ఒక చేత్తో స్తంభం పట్టుకుని, ఎడమ కాలి మడమను నడుం మీద ఆనించి, పాలకుండ దించినంత నెమ్మదిగా బరువు దించేది. అందుకు ఆకూవక్కా కూడా పుచ్చుకోదు. పుచ్చుకుంటే కాలికి గుణం పోతుందట.

ఇదేదో నిన్నామొన్నటి పేరు కాదు. పిచ్చమ్మను చూడవచ్చిన రోజున ఆమె మామగారు, పిల్లకు వంట వచ్చా, పని వచ్చా అని ఒక్క మాట అడగలేదు. కాఫీ తాగడానికి ముందే చాప అడిగి, బోర్లా పడుకుని, నడుం తొక్కించుకుని, లేచి అటూ ఇటూ తిరిగి చూసుకుని, సంబంధం ఖాయం అన్నాడు. అప్పట్నించి ఈ ముసలితనం దాకా ఎన్ని నడుములు ఆ మడమ కింద పడ్డాయో, ఏ నడుం ఎవరిదో, ఏ కోతల్లో పట్టిందో, అన్నీ ఆమెకు గుర్తే. ఎన్నిసార్లు తొక్కినా తగ్గని వాళ్ళకు మాత్రం, "నాయనా, నీది పట్టు కాదు, బద్ధకం" అని చెప్పి పంపేసేది.

ఆమె కొడుకు హరినాథ్ వయసులో ఉండగానే చెన్నై పోయి, అక్కడ ఒక గోల్ఫ్ క్లబ్బులో గడ్డి కోసే మిషను నడిపే పనిలో కుదురుకున్నాడు. అతని కూతురు భానుప్రియ ఆ గడ్డిలోనే పెరిగింది. పెద్దవాళ్ళు పారేసిన కర్రలతో బంతి కొట్టడం మొదలుపెట్టి, కొట్టి కొట్టి, చివరికి అదే బతుకుతెరువు చేసుకుంది. కోసుల పొడుగు పచ్చికలో, కోడిగుడ్డు కంటే చిన్న తెల్లబంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి, ఆ చివర చారెడు గుంటలో వేయాలి. ఎవరు తక్కువ దెబ్బల్లో వేస్తే వాళ్ళు గెలిచినట్టు. పిచ్చమ్మకు ఆ ఆట గురించి తెలిసింది అంతే. ఒకసారి టీవీలో చూసి, "ఇంత ఎండలో ఇంత దూరం నడిచేదానికి రెండు మేకలనన్నా తోలుకుపోతే గడ్డి మేస్తాయి గదా" అన్నది.

ఆ భానుప్రియ వేసవి చివర్లో ఒకనాడు చెప్పాపెట్టకుండా గూడూరులో రైలు దిగి, ఆటో మాట్లాడుకుని వచ్చేసింది. వాకిలి ఊడుస్తున్న పిచ్చమ్మ తలెత్తి చూసి, ఎవరో పరాయి మగపిల్లవాడు అనుకుని పైట సర్దుకుంది. "నేనవ్వా" అని గొంతు వినబడేదాకా పోల్చుకోలేకపోయింది.

అంతకుముందు వచ్చినప్పుడు మునక్కాడలా ఉండిన పిల్ల. ఇప్పుడు మెడ ఎక్కడ ఆగిందో భుజాలు ఎక్కడ మొదలయ్యాయో తెలియడం లేదు. తొడలు రోటి పొత్రాల్లా ఉన్నాయి. మనవరాలి కోసం కుట్టించి దాచిన జాకెట్టు తెచ్చి తొడగబోతే మోచేతి పైన బిగుసుకుపోయింది. ముందుకూ రాదు, వెనక్కీ పోదు. చివరికి కత్తెరతో కోసి తీయాల్సి వచ్చింది. ఆ గుడ్డ ముక్కలను పిచ్చమ్మ ఒళ్ళో పరుచుకుని, కుట్లు కలిపి చూసుకుంది.

"ఇదేం ఒళ్ళు మే" అన్నది ఆఖరికి. "రొయ్యల లారీకి లోడెత్తే పనిలో గానీ చేరినావా?"

"ఎత్తేదే అవ్వా. ఇనుం ఎత్తుతుండా. జిమ్ములో."

"ఎవురిది ఆ ఇనుం? ఎత్తి యాడ పెడతావు?"

"ఎత్తి మళ్ళా అక్కడే దించుతా."

పిచ్చమ్మ మనవరాలి మొహంలోకి చూసింది. ఎగతాళి చేస్తున్నట్టు లేదు.

"పోయినేడు పెద్ద టూరుకు అర్హత పోటీ పెట్టినారు గదా" అని భానుప్రియ అవ్వ పక్కన కూచుంది. కూచోవడంలో కూడా గోడ పట్టుకుని, నిటారుగా, దేవుడి పల్లకీ దించినట్టు దిగింది. "ఒక్క దెబ్బ తేడాలో పోయింది నాకు. గురి తక్కువై కాదు. నాకు గురి ఉండాది. దూరం లేదు. నా బంతి ఆగిపోయిన చోటు దాటి మిగతావాళ్ళ బంతులు ఇంకా పోతా ఉంటాయి. కర్ర ఎంత వేగంగా తిరిగితే బంతి అంత దూరం పోతాది. నాది గంటకు తొంభై రెండు మైళ్ళు తిరిగేది. ఇనుం ఎత్తి ఎత్తి తొంభై తొమ్మిదికి తెచ్చినా."

"తొంభై తొమ్మిదంటే ఎంత?"

"గూడూరులో నిలవకుండా పోతాయే రైళ్ళు, వాటికంటే ఎక్కువ."

పిచ్చమ్మకు ఆ రైళ్ళు తెలుసు. ఒకసారి ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఆ గాలికి చేతిలో నిమ్మకాయల సంచి జారి, కాయలన్నీ పట్టాల మీద పడ్డాయి. "అంత వేగంగా నీ నడుం తిరుగుతాదా?" అన్నది.

"నడుం కాదవ్వా, కర్ర."

"కర్రను తిప్పేదేంది మరి? దానికేమన్నా కాళ్ళుండాయా?"

భానుప్రియ మాట మార్చింది. మళ్ళీ పోటీ దగ్గరికొచ్చిందనీ, ఈసారి బెంగుళూరులో అనీ, గెలిస్తే దేశాలు తిరిగి ఆడొచ్చనీ, పోతే ఇంకో ఏడు ఆగాలనీ చెప్పింది. చెబుతున్నంతసేపూ ఒక చేయి నడుం మీదనే ఉంది.

అన్నం తినేటప్పుడు గరిటె కింద పడింది. భానుప్రియ వంగలేదు. మోకాళ్ళు మడిచి, వీపు కదలకుండా కిందికి దిగి, గరిటె తీసుకుని అట్లాగే లేచింది. అన్ని నడుములు చూసిన పిచ్చమ్మకు ఇంకేం చెప్పాలి.

"పట్టిందా?"

"పట్టింది. దానికే వచ్చినాను. నువ్వు తొక్కాల."

పిచ్చమ్మకు అన్నం ముద్ద నోటి దాకా పోలేదు. చిన్నప్పట్నించి అవ్వ కాలంటే పారిపోయే పిల్ల. నలుగురు పడుకుని తొక్కించుకుంటుంటే గోడ చాటు నుంచి కిసకిస నవ్వేది. "నీకు ఒళ్ళు పట్టేదానికి, నడుం సవరించేదానికి చదువుకున్నవాళ్ళు ఉండారంటివే" అన్నది.

"ఉండారు. వాళ్ళెవురూ ఎదురుకాళ్ళతో పుట్టలా."

ఆ మాటకు పిచ్చమ్మ లోపల ఎక్కడో ఒక దీపం వెలిగింది. పైకి మాత్రం, "సరే గమ్మున తిను, చూద్దాం" అన్నది.

మర్నాడు తెల్లవారాక భానుప్రియ పంచలో చాప మీద బోర్లా పడుకుంది. పిచ్చమ్మ స్తంభం పట్టుకుని మడమ ఆనించింది. మామూలు నడుం అయితే మడమ కింద కండ మెత్తగా లోపలికి దిగి, పట్టిన చోటు గచ్చకాయలా తగులుతుంది. ఇది అట్లా లేదు. నీళ్ళు తీసేసి ఎండబెట్టిన గుంట అడుగులా ఉంది. కాలు దిగదు. అటూ ఇటూ వెతుక్కుంటూ వెన్నెముకకు ఎడమ పక్కన ఒక చోట ఒత్తేసరికి, మడమ కింద మనవరాలి ఊపిరి ఆగిపోయింది. కాలివేళ్ళు ముడుచుకున్నాయి. చాప అంచును పిడికిట్లో పట్టుకుంది.

పిచ్చమ్మ కాలు తీసేసింది. ఊపిరి ఆగిన నడుం తొక్కకూడదు. అది ఎవరో చెప్పింది కాదు, ఆమె తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు.

"ఏంది మే?"

"ఆడనే అవ్వా. ఆడనే ఉండాది. ఇంకొంచెం బరువు దించు."

"నొప్పా?"

"హాయిగా ఉండాది. దించు."

పిచ్చమ్మ ఒక్క క్షణం స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. తరువాత కాలు మళ్ళీ ఆనించి, బరువంతా దించింది. లోపల ఏదో ‘టిక్కు’మన్నట్టు మడమకు తెలిసింది. భానుప్రియ పెద్దగా ఊపిరి వదిలి, చాప మీద చెంప ఆనించి, కళ్ళు మూసుకుంది.

లేచాక ఆ పిల్ల నేల వైపు వంగింది. అరచేతులు రెండూ సిమెంటుకు ఆనాయి. అవ్వను గట్టిగా కావలించుకుంటే పిచ్చమ్మ ఎముకలు పటపటమన్నాయి.

ఇంటి వెనక రొయ్యల గుంటలు రంగనాయకులువి. అతనికి పిచ్చమ్మ దూరపు బంధువు, అక్కా అని పిలుస్తాడు. ఒక పంట తీసేసి, ఇంకో పంటకు ముందు ఎండబెట్టిన గుంట అక్కడ ఉంది. ఆ మర్నాడు భానుప్రియ పొద్దెక్కకముందే కర్రల సంచితో గట్టు మీదికి చేరింది. ఊరికే కర్రలతో ఆగితే బాగుండేది. గుంట నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్ పాతది మూల పడి ఉంటే, దాని ఇనుప కడ్డీ ఒకటి తెచ్చి, దానికి అటు రెండూ ఇటు రెండూ మేత బస్తాలు కట్టి, మధ్యలో నిలబడి, మోకాళ్ళు మడిచి ఎత్తింది. కడ్డీ రెండు కొసలూ వంగాయి కానీ పిల్ల వీపు వంగలేదు. ఎత్తి దించింది, మళ్ళీ ఎత్తింది.

రంగనాయకులు నోట్లో వేపపుల్ల అట్లాగే ఉండిపోయింది. ఆ బస్తాలు దించడానికి అతనికి ఇద్దరు మనుషులు కావాలి.

"అక్కా, ఈ పిల్లను ఈడనే ఉంచెయ్యండి" అన్నాడు తేరుకుని. "ముగ్గురు కూలోళ్ళను మాన్పిస్తా."

"దాని తిండి నువ్వు పెట్టలేవు లేరా. పొద్దున ఎనిమిది గుడ్లు తినింది. నా కోళ్ళు దాన్ని చూస్తే గంప కింద దూరుతుండాయి."

నవ్వుతూనే ఉంది కానీ పిచ్చమ్మకు లోపల ఏమిటో సరిగా లేదు. మొన్న గరిటె కోసం వంగలేని మనిషి ఇది.

భానుప్రియ బంతి పెట్టుకుంది. పక్కన నేల మీద ఇటుక రాయంత నల్లపెట్టె ఒకటి నిలబెట్టింది. కర్ర ఎంత వేగంగా తిరిగిందో అది అంకెల్లో చూపిస్తుందట. ఆ పిల్ల కర్రను వెనక్కి తీసుకుపోవడం పిచ్చమ్మకు కనబడింది. ఆ తరువాత కనబడలేదు. గాలిని కత్తితో చీరినట్టు ఒక చప్పుడు, వెంటనే చెక్క మీద సుత్తి పడ్డట్టు ఇంకో చప్పుడు. బంతి ఏమైందో తెలియదు. గుంటకు అవతలి గట్టు మీద ఉన్న కొంగలు మాత్రం ఒక్కసారిగా లేచాయి.

"తొంభై ఎనిమిది" అన్నది భానుప్రియ. ఇంకొకటి. "నూరు." ఇంకొకటి కొట్టింది. "నూట రెండు అవ్వా. నూట రెండు. నా జన్మలో లేదు."

"చాల్లే ఇంక రా" అన్నది పిచ్చమ్మ.

"ఇంకొక్కటి."

ఆ ఒక్కటి కొట్టింది. చప్పుడు వచ్చింది. కొంగలు లేవలేదు, అప్పటికే పోయాయి. భానుప్రియ కర్ర భుజం పైకి ఎత్తి, నడుం తిప్పి, బంతి పోయిన వైపుకు చూస్తూ నిలబడింది. నిలబడే ఉంది. కర్ర దించదు. ఇటు తిరగదు. ఫోటోలో మనిషిలా అట్లాగే ఉండిపోయింది. రంగనాయకులు భలే భలే అని చప్పట్లు కొట్టి, చేతులు మధ్యలో ఆపేశాడు.

"అవ్వా" అన్నది భానుప్రియ మెల్లగా. "నన్ను పట్టుకో. నేను కదల్లేకుండా ఉండా."

పిచ్చమ్మ గట్టు మీద ఎట్లా పరిగెత్తిందో ఆమెకే తెలియదు. చేరేలోపే పిల్ల మోకాళ్ళు మడతపడిపోయాయి.

రంగనాయకులు బండిలో వెనక సీట్లు తీసేసి, పరుపు వేసి, ఇద్దరు కూలీల సాయంతో పడుకోబెట్టి నెల్లూరుకు తీసుకుపోయారు. దారిపొడుగునా గుంత పడ్డప్పుడల్లా పిల్ల పళ్ళు కొరుక్కునేది కానీ ఏడవలేదు. పిచ్చమ్మ మాత్రం తన ఎడమ కాలిని చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కుని, ఎవరికీ కనబడకూడని వస్తువులా దాచుకుని కూచుంది.

ఆసుపత్రిలో షారన్ అనే డాక్టరమ్మ చూసింది. పెద్ద గొట్టంలోకి పంపి ఫోటోలు తీసి, వాటిని వెలుగులో పెట్టింది. ఆమె నోరు తెరవకముందే పిచ్చమ్మ మంచం పక్కన నిలబడి చెప్పేసింది.

"నేనే తొక్కినాను తల్లీ. ఈ కాలితో. పిల్లకేం తెలీదు. ఏమన్నా అంటే నన్ను అను."

డాక్టరమ్మకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె కోప్పడలేదు. ఫోటో మీద వేలు పెట్టి చూపించింది. "అవ్వా, ఇది నడుం దగ్గర వెన్నుపూస. ఈ ఎడమ పక్క సన్నగా గీత కనబడుతోందే, అది పగులు. కానీ ఇది నిన్నటిది కాదు. కొన్ని నెలల కిందటిది. బరువులెత్తడం, అదే పనిగా నడుం తిప్పడం వల్ల వచ్చేది. ఈ కుడి పక్కదే కొత్తది." భానుప్రియ వైపు తిరిగింది. "ఎప్పట్నించమ్మా ఈ నొప్పి? ఎవరికీ చూపించుకోలేదా?"

భానుప్రియ పైకప్పు వైపు చూస్తూ ఉంది. "చూపించినాను" అన్నది. "చెన్నైలో. ఇట్టాంటి ఫోటోనే తీసినారు."

"ఏమన్నారు?"

"పగులుండాది, కర్ర ముట్టొద్దు, బరువు ఎత్తొద్దు అన్నారు."

పిచ్చమ్మ మంచం పట్టీ పట్టుకుంది. తన కాలు పిల్ల నడుం విరిచిందని దారంతా చచ్చిపోతూ వచ్చింది. ఇప్పుడు ఆ బరువు దిగాల్సింది పోయి ఇంకోటి మీద పడింది. పిల్లకు తెలుసు. రైలెక్కినప్పుడు తెలుసు. చాప పరుచుకున్నప్పుడు తెలుసు.

"తెలిసీ ఎందుకు తొక్కించుకున్నావమ్మా?" అని డాక్టరమ్మే అడిగింది.

"అవ్వ తొక్కితే నొప్పి తెలీదు. ఊళ్ళో అందరికీ తెలుసు."

"ఆ నొప్పే నిన్ను ఇన్నాళ్ళు కాపాడింది. ఆ పగులు చుట్టూ కండ బిగుసుకుని, ఎముకను కదలనీయకుండా పట్టుకుంది. ఆవిడ దాన్ని వదులు చేసింది. నువ్వు పోయి పూర్తి బలంతో తిప్పావు." డాక్టరమ్మ ఫోటోలు తీసి కవర్లో పెట్టింది. నడుముకు గట్టి పట్టీ కట్టుకుని నెలల తరబడి కదలకుండా ఉంటే అతుక్కుంటుందనీ, ఆ తరువాత మళ్ళీ ఆడుకోవచ్చనీ, ఈలోపు ఇంకొక్కసారి అట్లా తిప్పితే పూస జారి, కాళ్ళ దాకా పోయే నరాలు నలుగుతాయనీ చెప్పి, పట్టీ కొలతకు నర్సును పంపిస్తానని వెళ్ళిపోయింది.

గదిలో ఇద్దరే మిగిలారు. భానుప్రియే ముందు మాట్లాడింది. గొంతు బాగా తగ్గించి.

"ఒక్కసారవ్వా. ఇంటికి పోయినాక ఒక్కసారి తొక్కు. నాలుగు రోజుల ఆట అది. నొప్పి తెలీకుండా ఉంటే చాలు. గెలిచి వచ్చి పడుకుంటా, నువ్వు చెప్పినన్నాళ్ళు."

పిచ్చమ్మ ఆ మొహంలో నవ్వు కోసం వెతికింది. లేదు. జాకెట్టు మోచేతి దగ్గర బిగుసుకున్నప్పుడు కానీ, కడ్డీ కొసలు వంగినప్పుడు కానీ, గట్టు మీద పిల్ల బొమ్మలా నిలబడిపోయినప్పుడు కానీ ఇంత బెదరలేదు ఆమె. ఎముక రెండు పక్కలా పగిలి పడుకుని ఉన్న పిల్ల అడుగుతున్న మాట ఇది.

"నిన్నంటే నాకు తెలీదు" అన్నది. "ఈ పొద్దు తెలిసి కూడా తొక్కమంటుండావా నన్ను?"

"నిన్న నీకు తెలీదా?"

భానుప్రియ తల ఇటు తిప్పింది. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. "నా ఊపిరి ఆగింది గదా. నీ కాలు పైకి లేచింది. అది లేచినట్టు నాకు తెలిసింది. మళ్ళా ఎందుకు దించినావు?"

పిచ్చమ్మ దగ్గర మాటకు ఎప్పుడూ కరువు లేదు. ఇప్పుడు మాత్రం ఒక్కొక్కటీ తవ్వి తీయాల్సి వచ్చింది.

"నువ్వు అంత దూరం నుంచి నా కాలి కోసం వచ్చినావని" అన్నది. "పట్నంలో చదువుకున్నోళ్ళ చేత కానిది నా మడమకు అయితాదని. అంతే. ఇంకేం లేదు."

భానుప్రియ కళ్ళలో నుంచి నీళ్ళు రెండు పక్కలా చెవుల్లోకి కారాయి. తుడుచుకోవడానికి చేయి ఎత్తితే నడుం లాగుతుందని ఊరుకుంది. పిచ్చమ్మ కొంగుతో తుడిచింది.

"నేను తొక్కను" అన్నది తుడుస్తూనే. "నువ్వు నాతో జన్మంతా మాట్లాడకపోయినా తొక్కను. నువ్వు ఇంకొకరిని వెతుక్కుని పోతే గడపలో అడ్డం పడుకుంటా. దాటుకుని పో."

మంచం మీద ఫోను మోగింది. పేరు చూసి భానుప్రియ కళ్ళు మూసుకుంది. "మాథ్యూ అన్న" అన్నది. మాథ్యూ ఈ నెల్లూరు పిల్లాడే, చెన్నైలో ఆమె చేత బరువులెత్తించేవాడు. ఫోను మోగి మోగి ఆగి, మళ్ళీ మోగింది. "పోటీ నుంచి పేరు తీసెయ్యమని చెప్పినాడు పోయిన నెలే. తీసేసినానని అబద్ధం చెప్పినాను. ఇప్పుడు పోటీ జాబితాలో చూసినట్టుండాడు."

"చెప్పు మరి."

"నా నోటితో చెప్పలేనవ్వా."

పిచ్చమ్మ ఫోను తీసుకుంది. అవతల మాథ్యూ గొంతు ఎత్తుకోవడంతోనే, నీ పేరు అక్కడ ఎందుకుంది, నువ్వు రెస్టులోనే ఉన్నావా, నిజం చెప్పు అని గబగబా అడుగుతున్నాడు.

"భానుప్రియ కాదు నాయనా, వాళ్ళవ్వను" అన్నది పిచ్చమ్మ. "పేరు తీసెయ్యి. ఆ పిల్ల రాదు."

మంచం మీద భానుప్రియ కళ్ళు తెరవలేదు, కాదనలేదు. ఒక చేత్తో దుప్పటి అంచును పట్టుకుని, కాసేపటికి వదిలేసింది.

"ఏమైందమ్మా?" అని మాథ్యూ అడిగాడు. గొంతు మారిపోయి ఉంది.

పిచ్చమ్మ స్టూలు లాక్కుని కూచుంది. చాప దగ్గర నుంచి మొదలుపెట్టి, ఊపిరి ఆగిన చోటూ, తాను కాలెత్తి మళ్ళీ దించిందీ, ఏదీ విడిచిపెట్టకుండా, అతనికి చెప్పడం మొదలుపెట్టింది.